నలపొద్దు, నిమిరితే చాలు

కళ్లు మండగానే చెయ్యి చేసే మొదటి పని పిడికిలి బిగించి కసితీరా నలపడం. హైటెక్ సిటీలో లాప్‌టాప్ మూసిన ఇంజినీరైనా, గుంటూరులో పదో తరగతి పేపర్లు దిద్దుతున్న మాస్టారైనా ఇందులో తేడా లేదు. నలిపిన ఆ క్షణం హాయిగానే ఉంటుంది. కాసేపటికి కళ్లు ఇంకా ఎర్రబడతాయి, రెప్పలు ఉబ్బుతాయి. ఇలాంటి చేతులకే ఇప్పుడు ‘పొడికళ్లకు రెప్పల మసాజ్’ అనే సలహా అందింది. సలహా మంచిదే. చిక్కంతా దాన్ని అమలు చేసే తీరులో ఉంది.

కన్ను పొడిబారిందంటే కన్నీళ్లు తగ్గాయని చాలామంది అనుకుంటారు. కొందరికి అది నిజమే. ఎక్కువమందికి మాత్రం నీళ్లు ఊరుతూనే ఉంటాయి, కంటి మీద నిలవవు. కన్నీటి పైన పల్చటి నూనె పొర ఒకటి పరుచుకుని, తడి ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఆ నూనె రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వస్తుంది. పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉండే వీటిని 1666లో జర్మన్ వైద్యుడు హెన్రిక్ మైబోమ్ వివరించాడు. మైబోమియన్ గ్రంథులని వాటికి ఆయన పేరే ఉండిపోయింది. రెప్ప వాల్చినప్పుడల్లా కొద్దిగా నూనె బయటికొస్తుంది. రెప్పలు సరిగా వాల్చకపోతే, లేదా గ్రంథుల నోళ్లు మూసుకుపోతే, చలికాలంలో గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు లోపలి నూనె గట్టిపడుతుంది. కన్ను ఎండుతుంది. ఎండిన కన్ను ఉక్రోషంతో బొటబొటా నీళ్లు కార్చడమూ ఉంది. ‘నాకు నీళ్లు కారుతుంటే పొడికన్ను అంటాడేంటి డాక్టరు’ అని విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చదివేటప్పుడు, తెర చూసేటప్పుడు రెప్పపాటు ఎంత తగ్గుతుందో 1993లోనే జపాన్ వైద్యులు లెక్కగట్టి న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు 22 సార్లు, పుస్తకం చదివేటప్పుడు 10, కంప్యూటర్ తెర ముందు 7. అప్పటికి చేతిలో ఫోను లేదు.

పేరుకున్న నూనెను కరిగించకుండా నొక్కితే రాదు. అందుకే ముందు కాపడం, తర్వాతే మసాజ్. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన నూలు గుడ్డను మూసిన కళ్ల మీద అయిదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. రెప్పకు సుమారు 40 డిగ్రీల వేడి అందాలని కంటి వైద్యులు అంటారు. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ముంచుకోవాల్సిందే. మోకాలికి పెట్టే ఉప్పుమూట కాపడం ఇక్కడ పనికిరాదు, రెప్ప కాలుతుంది. గుడ్డను ముందు మణికట్టు లోపలి వైపు ఆనించి వేడి చూసుకోవాలి. పిల్లాడి కంటికి దెబ్బ తగిలితే అమ్మ కొంగును ముద్దచేసి, నోటితో ఊది, కంటికి అద్దుతుంది. కావాల్సింది దాదాపు ఆ వెచ్చదనమే, ఆ తేలికదనమే. కాస్త ఎక్కువసేపు, అంతే.

ఇక మసాజ్. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పచ్చిమిరపకాయలు తరిగిన రోజయితే ఒకటికి రెండుసార్లు కడుక్కోవాలి. గోళ్లు కత్తిరించుకుని ఉండాలి. కాంటాక్ట్ లెన్సులు తీసెయ్యాలి. పై రెప్ప నిమిరేటప్పుడు కళ్లు మూసుకుని, చూపు కిందికి వాల్చి, వేలి కొసతో పైనుంచి వెంట్రుకల వైపు నెమ్మదిగా జార్చాలి. కింది రెప్పకు చూపు పైకెత్తి, కిందినుంచి వెంట్రుకల వైపుకే. గ్రంథుల నోళ్లు అంచునే ఉంటాయి కాబట్టి రెండు చోట్లా నూనె నడవాల్సింది అటే. అడ్డంగా, గుండ్రంగా తిప్పి రుద్దితే చర్మం సాగడమే మిగులుతుంది. లోపలి మూల నుంచి బయటి మూల దాకా అయిదారుసార్లు చాలు. వేలి బరువు రెప్ప మీదే పడాలి, కనుగుడ్డు మీద పడకూడదు. తర్వాత తడి దూదితో అంచు తుడిచి, పదిసార్లు నిండుగా రెప్పలు వాల్చాలి.

నొప్పి పుట్టిందంటే ఎక్కువ నొక్కినట్టే. కళ్లు గట్టిగా నలిపే అలవాటుకూ, నల్లగుడ్డు శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బుకూ సంబంధం ఉందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు.

చర్మం సంగతి కూడా చూడాలి. ఒంటి మీద అన్నిటికన్నా పల్చటి చర్మం రెప్పదే, మందం సుమారు అర మిల్లీమీటరు. దాని మీద జండూబామ్ లాంటివి రాసే సాహసం చేసేవాళ్లున్నారు. రెప్ప వెంట్రుకల్లో పురుగులు చస్తాయని టీ ట్రీ నూనెను పలచన చేయకుండా పూసేవాళ్లూ ఉన్నారు. ఆ నూనె చిక్కగా ఉంటే నల్లగుడ్డును గాయపరుస్తుంది. రెప్ప ఎర్రబడిందని మందుల షాపులో అడిగి కొన్న స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంటిలో పీడనం పెరిగే ప్రమాదమూ ఉంది. వెచ్చటి కాపడం పెట్టాక మసాజ్‌కు ఏ క్రీమూ అవసరం లేదు.

మరి ఆముదం? పెద్దవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. అమెరికాలో 2002 చివర్లో అనుమతి పొందిన రెస్టాసిస్ అనే పొడికంటి చుక్కల్లో మందును కలిపింది ఆముదంలోనే. న్యూజిలాండ్ పరిశోధకులు జరిపిన ఒక చిన్న ప్రయోగంలో రెప్పలకు నాలుగు వారాలు ఆముదం పూస్తే అంచుల వాపు లక్షణాలు కొంత తగ్గాయి. అలాగని గానుగ సీసాలోంచి కంట్లో చుక్కలు వేసుకోమని కాదు. ఆ చుక్కలను సూక్ష్మక్రిములు లేకుండా తయారుచేస్తారు. వంటింటి సీసాకు ఆ భాగ్యం లేదు.

గ్రంథులను నొక్కి ఖాళీ చేయడం కొత్త వింతేమీ కాదు. 1980లో అమెరికాలో డోనాల్డ్ కోర్బ్, హెన్రిక్వెజ్ కాంటాక్ట్ లెన్సులు పడనివాళ్ల గ్రంథులు మూసుకుపోయి ఉన్నాయని గమనించి, వాటిని నొక్కి తెరిపిస్తే ఆ బాధ తగ్గిందని రాశారు. ఇప్పుడు పన్నెండు నిమిషాల్లో రెప్పను లోపలి నుంచి వేడిచేసి నొక్కే యంత్రాలు వచ్చాయి, ఖర్చూ అలాగే ఉంటుంది. రోజూ ఇంట్లో చేసుకునే కాపడం చాలామందికి చవకైన మొదటి మెట్టు. అందరికీ కాదు. లేసిక్, శుక్లం, గ్లకోమా ఆపరేషన్లయినవాళ్లు డాక్టరు చెప్పేదాకా రెప్ప ముట్టకూడదు. కళ్లకలక ఉన్నప్పుడూ వద్దు. కీళ్లనొప్పులతో పాటు నోరు, కన్ను రెండూ ఎండుతుంటే నీళ్లే ఊరని షోగ్రెన్స్ జబ్బు కావచ్చు. దానికి పరీక్షలు వేరు.

మన దగ్గర లోపం మరోచోట ఉంది. చీటీలో చుక్కల పేర్లు రాశాక అడుగున ‘వేడి కాపడం, మసాజ్’ అని ఒక ముక్క పడేస్తారు. రోగి ఇంటికెళ్లి ఎలా చేస్తాడో, ఎంత గట్టిగా నొక్కుతాడో అడిగేవాళ్లు అరుదు. ఇన్సులిన్ సూది ఎలా పొడుచుకోవాలో చూపించినట్టే, రెప్ప ఎలా నిమరాలో కూడా రోగి చేతితోనే చేయించి పంపాలి. రెండు నిమిషాలు పట్టే పని, నర్సమ్మ చాలు. కంటి ఆసుపత్రులు ఆ పని మొదలుపెట్టేదాకా చీటీలో ఆ ముక్క కనబడితే ‘ఒకసారి చేసి చూపించండి’ అని మీరే అడగండి.