కర్టెన్ గుడ్డను వెనక్కి తిప్పి చూడండి



పోయిన నెల దుప్పటి గుడ్డ గురించి రాసినాను. అది చదివి మన కాలనీలో కుట్టు మిషన్ తొక్కే ఆడపిల్లలు కొందరు, "మామా, కర్టెన్ గుడ్డ, సోఫా గుడ్డ గురించి కూడా రాయి, జీన్స్ పని లేనప్పుడు మేము అవే కుడతాండాం" అని అడిగినారు. న్యాయమైన మాటే. బళ్ళారిలో జీన్స్ కుట్టు ఎన్నో ఇళ్ళకు అన్నం పెడతాంది. ఆర్డర్లు పడిపోయిన నెలల్లో అదే మిషన్ మీద కర్టెన్లు, దివాన్ సెట్లు, సోఫా కవర్లు కుట్టి నెట్టుకొచ్చేవాళ్ళు శానామంది ఉన్నారు. ప్యాంటు గుడ్డకు, ఈ గుడ్డకు తేడా తెలీకపోతే కుట్టిన కూలి చేతికి రాదు. అందుకని ఈ నెల అదే రాస్తాండాను.

ముందు జీన్స్ గుడ్డ చూడండి. పడుగు నీలం, పేక తెలుపు. ఏటవాలు గీత పడే ట్విల్ నేత. ఒక జానెడు చూస్తే తాను మొత్తం చూసినట్టే. పడుగు దారి సరిగ్గా పెట్టుకుంటే యాడ కత్తిరించినా ఒకటే. కర్టెన్ గుడ్డ, సోఫా గుడ్డ అట్ల కాదు. అందులో పువ్వు ఉంటుంది, తీగ ఉంటుంది, నెమలి ఉంటుంది. ఆ బొమ్మ ఒక కొలతకు మళ్ళీ మళ్ళీ వస్తాంటుంది. దాన్నే మిల్లులో రిపీట్ అంటాము. జీన్స్ కుట్టే చెయ్యి మరిచిపోయేది దీన్నే.

బొమ్మ గుడ్డలో రెండు రకాలు. చిన్న చుక్కలు, డైమండ్లు, గళ్ళు ఉంటే అది డాబీ. డాబీ లూమ్‌లో పడుగు పోగులన్నీ కొన్ని ఫ్రేములకు కట్టి ఉంటాయి. ఒక ఫ్రేము లేచిందంటే దానికి కట్టిన పోగులన్నీ లేస్తాయి. అందుకే డాబీతో పెద్ద పువ్వు నేయలేము. పెద్ద పువ్వు, ఆకు, మనిషి ముఖం కావాలంటే జకార్డ్ ఉండాల్సిందే. జకార్డ్‌లో పోగులు ఫ్రేములకు కాదు, పైనుంచి దిగే దారాలకు కట్టి ఉంటాయి. ఆ దారాల పైన కొక్కీలు. ఏ కొక్కీ లేవాలో అట్టముక్క చెబుతుంది.

ఆ పని ఎట్లంటే, అట్టకు చిల్లులు కొట్టి ఉంటారు. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కీ కత్తికి తగులుకుని పైకి లేస్తుంది, పోగు కూడా లేస్తుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కీ కత్తిని తప్పించుకుంటుంది, పోగు కిందనే ఉంటుంది. ఒక పేక పోగుకు ఒక అట్ట. అంగుళానికి 48 పేక పోగులు, బొమ్మ పొడవు 16 అంగుళాలు అనుకోండి. 768 అట్టలు కావాలి. వాటిని దండ మాదిరి వరసగా కుట్టి లూమ్ పైన వేలాడదీస్తారు. ఒక్క అట్ట తిరగబడితే పువ్వు మీద అడ్డంగా గీత పడుతుంది. ఇప్పుడు కొత్త లూమ్‌లకు అట్టలు లేవు. డిజైన్ కంప్యూటర్లో ఉంటుంది, కరెంటే కొక్కీని లేపుతుంది.

ఈ పద్ధతిని 1804లో ఫ్రాన్స్ దేశంలో లియాన్ ఊరి జకార్డ్ అనే ఆయన సాధించినాడు. లియాన్ అంటే రాజుల ఇళ్ళకు పరదాలు, కుర్చీ గుడ్డలు నేసే పట్టు ఊరు. చిల్లుల అట్టతో లెక్క చెప్పొచ్చనే ఉపాయమే తర్వాత యాడికో పోయింది. 1890లో అమెరికా జనాభా లెక్కలను చిల్లుల కార్డులతోనే లెక్కపెట్టినారు. కంప్యూటర్ చదువుకునే మన పిల్లలకు చెప్పండి, వాళ్ళ చదువుకు ఒక వేరు మగ్గంలో ఉంది.

ఆ లియాన్ నేతగాళ్ళే 1831లో తిరగబడినారు. మిషన్ మీద కాదు, కూలి రేటు మీద. గుడ్డకు ఇంత అని తక్కువలో తక్కువ రేటు కట్టమని అడిగినారు. ఒప్పుకున్న రేటును కొందరు వ్యాపారులు ఇవ్వమన్నారు. దాంతో గొడవ అయింది. 1834లో మళ్ళీ లేచినారు. రెండుసార్లూ సైన్యాన్ని దింపి అణిచినారు. రాజుల గదుల్లో వేలాడే పరదా నేసినవాని ఇంట్లో పూటకు గింజ లేదన్నమాట. రేటు మాట మన దగ్గరకు కూడా వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మనవాళ్ళ సంగతికి వద్దాం. మన తెలుగు సముద్రం ఒడ్డున మచిలీపట్నం నుంచి 17వ శతాబ్దంలోనే బొమ్మల గుడ్డ ఓడలెక్కి ఇంగ్లాండు పోయేది. అక్కడ దాన్ని మంచాల చుట్టూ పరదాలుగా, గోడలకు అలంకారంగా కట్టేవాళ్ళు. అది నేసిన బొమ్మ కాదు, కలంతో, అచ్చుతో వేసిన బొమ్మ. దాని గిరాకీ చూసి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల చేస్తే 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసి ఆపినారు. 1721 చట్టం అద్దకం నూలు గుడ్డను ఒంటి మీదనే కాదు, ఇంటి సామాను మీద కూడా వాడొద్దనింది.

నేసిన బొమ్మ గుడ్డలో తెలుగోళ్ళ పేరు చెప్పాలంటే షోలాపురం చెప్పాలి. తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు అక్కడికి పోయి స్థిరపడినారు. 1877లో మొదటి మిల్లు వచ్చినాక ఇంకా పోయినారు. షోలాపూర్ చద్దర్ జకార్డ్ మీద నేసిందే. దానికి, అక్కడి టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేను పడుచువాడిగా ఉన్నప్పుడు బదిలీ కార్మికుడిగా అక్కడ కొన్నేండ్లు చేసినాను. జకార్డ్ కింద నిలబడింది అక్కడే. వీధిలో తెలుగు, లూమ్ దగ్గర మరాఠీ, జీతం చీటీ మీద ఇంగ్లీషు. ఐదో తరగతి చదివిన నాకు మూడూ కొంచెం కొంచెం వచ్చినాయి.

ఇండ్లకు వాడే అలంకారం గుడ్డ ఇంకా చాలా చోట్ల నేస్తారు. కేరళలో కన్ననూరు చేనేత ఫర్నిషింగ్, తమిళనాడులో కరూరు, ఉత్తరాన పానిపట్టు పేరుమోసినవి. మనకు దగ్గర్లో ధారవాడ జిల్లా నవలగుందలో ఆడవాళ్ళే నిలువు మగ్గం మీద జమఖానాలు నేస్తారు. వరంగల్ కొత్తవాడ జంపఖానాకు 2018లో గుర్తింపు వచ్చింది. ఇవి నేల మీద పరిచే గుడ్డలే అయినా రంగు, బొమ్మ నేతలోనే పుడతాయి. అందుకే అన్నీ ఒక కుటుంబమే.

ఇప్పుడు రేటు. నేతగాడికి మీటరు లెక్కన కూలి ఇస్తే ఏమవుతుందో చూడండి. లూమ్ నిమిషానికి 120 పేక పోగులు వేస్తుందనుకుందాం. అంగుళానికి 30 పోగుల పల్చటి గుడ్డ అయితే నిమిషానికి 4 అంగుళాలు, గంటకు 240 అంగుళాలు, అంటే 6 మీటర్ల పైన. అదే 48 పోగుల కర్టెన్ గుడ్డ అయితే నిమిషానికి రెండున్నర అంగుళాలే, గంటకు 150 అంగుళాలు, 4 మీటర్లకు లోపే. పోగు తెగితే ఆగేది వేరే. రెండింటికీ మీటరుకు ఒకటే రేటంటే మంచి గుడ్డ నేసినవాడే నష్టపోతాడు. అందుకే పిక్కు లెక్కన రేటు కావాలని పవర్‌లూమ్ కార్మికులు అడిగేది. అది పేరాశ కాదు, లెక్క.

కుట్టేవాళ్ళకు కూడా ఇదే చిక్కు వేరే రూపంలో వస్తుంది. మన వీధిలో ఒక అమ్మాయికి జరిగింది చెబుతాను. అంగడి పేరు ఎందుకులెండి. నాలుగు కిటికీలకు కర్టెన్లు కుట్టమని 15 మీటర్ల పువ్వుల జకార్డ్ గుడ్డ ఇచ్చినారు. కిటికీ కడ్డీ 4 అడుగులు, గుడ్డ పన్నా 48 అంగుళాలు. మడతలు నిండుగా రావాలంటే కడ్డీకి రెండింతల గుడ్డ ఉండాల, కాబట్టి కిటికీకి రెండు పలకలు, మొత్తం 8. నిలువు 60 అంగుళాలు, పైన కింద మడతకు 12, కలిపి 72. ఎనిమిది డెబ్బైరెండ్లు 576 అంగుళాలు, అంటే 14 మీటర్ల 63 సెంటీమీటర్లు. 15 మీటర్లు సరిపోతుందని అంగడాయన లెక్క, ఆ పిల్ల లెక్క కూడా అదే.

అయితే బొమ్మ రిపీట్ 16 అంగుళాలు. 72 లో 16 సరిగ్గా పోదు. పక్కపక్క పలకల్లో పువ్వు ఒకే ఎత్తులో రావాలంటే ప్రతి పలక 80 అంగుళాల దగ్గర మొదలు కావాల. మొదటి ఏడు పలకలకు 560, చివరి దానికి 72, మొత్తం 632 అంగుళాలు. 16 మీటర్ల 5 సెంటీమీటర్లు! మొదట్లో పువ్వు సరిచూసుకోను ఇంకొంచెం కావాల, అంటే 16న్నర తీసుకోవాల. ఆ పిల్ల 72 కే కోసింది. కుట్టు ముత్యాల మాదిరి ఉంది గానీ ఒక పలకలో పువ్వు నడుం దగ్గర, ఇంకో పలకలో మోకాలి దగ్గర. గిరాకీవాళ్ళు వద్దన్నారు. గుడ్డ ఖరీదు ఆ పిల్ల కూలిలో పట్టుకున్నారు. ఎన్ని రోజుల కూలి పోయిందో ఆ ఇంటికి తెలుసు. గుడ్డ తక్కువ ఇచ్చింది అంగడి, నష్టం మోసింది కుట్టిన చెయ్యి.

అందుకని గుడ్డ చేతికి రాంగానే ఈ పనులు చెయ్యండి.

మొదటిది, వెనక్కి తిప్పి చూడండి. వెనక బొమ్మ వెలిసినట్టుంటే అది అచ్చు గుడ్డ. రంగులు తారుమారై అదే బొమ్మ కనిపిస్తే నేసిన గుడ్డ. వెనక పొడుగు పోగులు వదులుగా వేలాడతాంటే సోఫాకు వద్దు, పిల్లల గోరు తగిలినా లాక్కుపోతాయి. కర్టెన్‌కు లైనింగ్ వేస్తే పరవాలేదు.

రెండోది, రిపీట్ కొలవండి. ఒక పువ్వు కొన నుంచి మళ్ళీ అదే పువ్వు కొన దాకా టేపు పెట్టండి. పలక పొడుగును ఆ కొలతకు పైకి సర్దండి. గుడ్డ చాలకపోతే కత్తెర పట్టకముందే చెప్పండి.

మూడోది, ముడుచుకుంటుందేమో చూడండి. చేతికి వచ్చినంత ముక్కలో 50 సెంటీమీటర్ల గీత గీసి, ఉతికి ఆరబెట్టి మళ్ళీ కొలవండి. 47న్నరకు వచ్చిందంటే నూటికి ఐదు. అరవై అంగుళాల కర్టెన్‌లో మూడు అంగుళాలు పోతుంది.

నాలుగోది, నూలా, పాలిస్టరా? ఒక్క పోగు లాగి, కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని, పట్టకారుతో పట్టి అంటించండి. నూలు కాగితం మాదిరి కాలి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి నల్లగా గట్టి పూస అవుతుంది. పాలిస్టర్ చెడ్డదని కాదు. బళ్ళారి ఎండకు కిటికీ దగ్గర నూలు తొందరగా నీరసపడుతుంది, పాలిస్టర్ కొంచెం తట్టుకుంటుంది. నూలు కర్టెన్ అయితే వెనక లైనింగ్ తప్పనిసరి. సండూరు గనుల దారిలో ఉండేవాళ్ళకు ఎర్ర దుమ్ము కూడా ఉంది, దులిపితే పోయే నున్నటి గుడ్డ మేలు.

ఐదోది, మఖమల్, షెనీల్ గుడ్డకు నూగు ఉంటుంది. చేత్తో కిందికి నిమిరితే ఒక రంగు, పైకి నిమిరితే ఇంకో రంగు. పలకలన్నీ ఒకే దిక్కుకు కోయాల. సోఫాకు బరువైన గుడ్డ, చదరపు మీటరుకు 300 గ్రాములకు తక్కువ కాకుండా చూడండి. మంచి కంపెనీ గుడ్డ చీటీ మీద రుద్దుడు పరీక్ష అంకె ఉంటుంది. ఇంటి సోఫాకు 20,000 రుద్దులు దాటితే నమ్మొచ్చు.

ఆరోది అన్నిటికంటే ముఖ్యం. ఇచ్చిన గుడ్డ ఎన్ని మీటర్లు, రిపీట్ ఎంత, ఎన్ని పలకలు, పలకకు కూలి ఎంత, ఈ నాలుగూ ఒక చీటీ మీద రాయించి అంగడివాళ్ళ సంతకం తీసుకోండి. పువ్వు కలిపే పనికి సాదా గుడ్డకన్నా ఎక్కువ కూలి అడగండి, ఎందుకంటే టైము ఎక్కువ పడుతుంది. ఒక్కరే పోయి అడిగితే "నువ్వు కాకపోతే ఇంకొకరు" అంటారు. వీధిలో కుట్టేవాళ్ళంతా ఒకే రేటు మాట్లాడుకుని పోతే ఆ మాట అనలేరు. మిల్లులో మాకు యూనియన్ నేర్పింది అదే.

ఆ అమ్మాయి ఇప్పుడు టేపు లేకుండా గుడ్డ తీసుకోదు. పోయిన వారం ఒక అంగడిలో "ఇంకో మీటరున్నర వేస్తేనే కుడతాను" అనిందంట. వేసినారు.

లెక్క అర్థం కానివాళ్ళు ఆదివారం పొద్దున గుడ్డ ముక్క తీసుకుని రాండి, కూర్చుని చూద్దాం. వచ్చే నెల లూమ్ దుమ్ము, దగ్గు గురించి రాస్తాను.