కార్లకు ట్యూనింగ్ మాడ్యూళ్లు: శక్తి పెంపులో నిజమెంత, బాధ్యత ఎవరిది?

తిరుపతి, చిత్తూరు: కారు కొనుగోలు చేసిన అనంతరం దాని ఇంజన్ శక్తిని, యాక్సిలరేటర్ స్పందనను పెంచుకొనేందుకు బయటి మార్కెట్టులో లభించే ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లను అమర్చుకొనే ధోరణి యువ వాహనదారులలో కనిపిస్తున్నది. ఈ పరికరాలు ఆన్‌లైన్ విక్రయ సంస్థల ద్వారా నేరుగా ఇంటికే చేరుతున్నాయి. వీటిని అమర్చే ప్రత్యేక వర్క్‌షాపులు గల చెన్నై, బెంగళూరు నగరాలు తిరుపతి, చిత్తూరు జిల్లాలకు కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నవి. ఘాట్ రోడ్లు అధికంగా గల ఈ ప్రాంతంలో "ఎక్కుడు దారికి ఎక్కువ శక్తి" అనే ప్రచారం సులభంగా ఆకర్షిస్తుంది. అయితే ఈ పరికరాలన్నీ ఒకే కోవకు చెందినవి కావు. వాటి మధ్య గల తేడాను గుర్తించకుండా అన్నింటినీ మెచ్చుకొనుట గాని, అన్నింటినీ నిషిద్ధమని భావించుట గాని సరి కాదు.

మూడు పద్ధతులు, మూడు ఫలితాలు

మొదటిది థ్రాటిల్ మాడ్యూల్. నేటి కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌కు, ఇంజన్‌కు మధ్య తీగ ఉండదు. పెడల్ ఎంత నొక్కబడినదీ సెన్సార్లు విద్యుత్ సంకేతంగా ఇంజన్ నియంత్రణ కంప్యూటర్‌కు అనగా ఈసీయూకు తెలియజేస్తాయి. పెడల్ కనెక్టర్ వద్ద అమర్చే ఈ మాడ్యూల్ ఆ సంకేతాన్ని పెంచి పంపుతుంది. డ్రైవరు పెడల్‌ను ఐదోవంతు నొక్కితే, సగం నొక్కినట్లుగా ఈసీయూకు తెలుస్తుంది. కారు చురుకుగా కదిలినట్లు అనిపిస్తుంది. కాని పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు ఇంజన్ ఇచ్చే గరిష్ఠ శక్తి మునుపటిదే. ఒక్క హార్స్ పవర్ కూడా అదనంగా లభించదు.

రెండవది ట్యూనింగ్ బాక్స్. డీజిల్ ఇంజన్లలో ఇంధన రైలు పీడనాన్ని కొలిచే సెన్సార్‌కు, ఈసీయూకు మధ్య దీనిని అమర్చుతారు. వాస్తవ పీడనం కంటె తక్కువ ఉన్నట్లు ఇది సంకేతం పంపగా, ఈసీయూ పీడనాన్ని పెంచుతుంది, సిలిండర్లలోనికి ఎక్కువ డీజిల్ చేరుతుంది. మూడవది రీమ్యాప్. ఇందులో అదనపు పరికరం ఉండదు. ఈసీయూలోని సాఫ్ట్‌వేర్‌నే మార్చివేస్తారు. ఈ రెండు పద్ధతులలో శక్తి నిజంగానే పెరుగుతుంది. దానితోపాటు పొగగొట్టంలోని వాయువుల ఉష్ణోగ్రత, టర్బో, క్లచ్‌లపై భారం కూడా పెరిగే అవకాశం ఉన్నది. మసి అధికమైనచో, బీఎస్-6 డీజిల్ కార్లలోని వడపోత పరికరం త్వరగా మూసుకుపోగలదు.

ఘాట్ రోడ్డుపై అవసరమైనది ఏమిటి?

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవ ఘాట్ రోడ్డు 1974లోను అందుబాటులోకి వచ్చినవి. వీటిలో ఏ ఒక్కటీ ఇరవై కిలోమీటర్లకు మించదు. వాహనాలు కొండ ఎక్కుటకు కనీసం 28 నిమిషాలు, దిగుటకు కనీసం 40 నిమిషాలు తీసుకోవలెనని తిరుమల తిరుపతి దేవస్థానం నిర్దేశించిన విషయం విదితమే. ఈ లెక్కన ఎక్కేటప్పుడు సగటు వేగం గంటకు సుమారు 43 కిలోమీటర్లకు, దిగేటప్పుడు 30 కిలోమీటర్లకు మించుటకు వీలులేదు. మంచి స్థితిలో ఉన్న సాధారణ కారు ఈ వేగాన్ని ఏ మాడ్యూల్ లేకుండానే అందుకోగలదు. త్వరగా పైకి చేరిన వాహనదారునికి నియమ ఉల్లంఘన తప్ప మిగిలేది లేదు.

దిగుటలో పరిస్థితి ఇంకను స్పష్టం. అక్కడ కావలసినది తక్కువ గేరు, ఇంజన్ నిరోధం, వేడెక్కని బ్రేకులు. ఇంజన్ శక్తిని పెంచే పరికరం బ్రేకుల శక్తిని పెంచదు. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ వంటి మార్గాలకు కూడా ఇదే వర్తిస్తుంది. వర్షంలో తడిసిన మలుపు వద్ద, ముందు వాహనం నెమ్మదించిన వేళ, స్వల్పంగా తాకిన పెడల్‌కు కారు ముందుకు దూకుట ప్రమాదకారణం కాగలదు.

మరొక సాంకేతిక అంశం గమనార్హం. పెడల్ వద్ద ఒకటికి బదులు రెండు సెన్సార్లను తయారీదారులు అమర్చుట భద్రత కొరకే. రెండింటి సంకేతాలు పొంతన కుదరకపోతే ఈసీయూ ఇంజన్ శక్తిని తగ్గించి కారును నెమ్మదిగా మాత్రమే నడవనిస్తుంది. ఈ మార్గం మధ్యలో చేరిన మాడ్యూల్ కూడా భద్రతా వ్యవస్థలో భాగమైపోతుంది. దాని నాణ్యతకు కారు తయారీదారు పూచీ వహించడు.

చట్టం ఏమి చెబుతున్నది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. వాహన మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణ మార్పునే చట్టం "మార్పు"గా నిర్వచించినది. కేరళకు చెందిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా తయారీదారు మూల నిర్దేశాలకు భిన్నమైన మార్పులు చెల్లవని స్పష్టం చేసినది.

ఇక్కడే విశ్లేషణ అవసరమగుచున్నది. రిజిస్ట్రేషన్ కొరకు సమర్పించే 20వ నంబరు ఫారంలో హార్స్ పవర్ వివరం కూడా ఉన్నది. ట్యూనింగ్ బాక్స్, రీమ్యాప్ ఆ వివరాన్నే అసత్యం చేస్తాయి. థ్రాటిల్ మాడ్యూల్ ఆ వివరాన్ని తాకదు. కావున మూడింటినీ ఒకే గాటన కట్టి అపరాధంగా చూచుటకు చట్టంలోని నిర్వచనం సులభంగా సహకరించదు. తనిఖీ అధికారులు కేసు నమోదు చేయు సందర్భంలోను, పాత్రికేయులు వార్త వ్రాయు సందర్భంలోను ఈ తేడాను గుర్తుంచుకొనుట మేలు.

2019 సవరణ చట్టం ద్వారా సవరించిన 182-ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. రోడ్డు భద్రత, శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపినచో 190వ సెక్షన్ క్రింద మొదటి తప్పుకు మూడు నెలల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత వర్తించగలవు. పరికరాన్ని అమ్మినవారు ఎవరైనప్పటికీ, 182-ఎలోని ఈ నిబంధన యజమానిని ఉద్దేశించినదే.

చట్టం మార్పులన్నింటికీ తలుపు మూయలేదు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్‌ను అమర్చుకొని రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకొనే వీలు ఉన్నది. కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన ప్రమాణాల మేరకు జరిగే మార్పుల వలన తయారీదారు వారంటీ రద్దు కారాదని 2019 సవరణ పేర్కొన్నది. ట్యూనింగ్ పరికరాలు అటువంటి ఆమోద మార్గంలో రానందున, ఇంజన్ పాడైనప్పుడు వారంటీ, ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిము వివాదాస్పదమయ్యే అవకాశం ఉన్నది.

తనిఖీలో గల లోటు

కాలుష్య పరీక్షా కేంద్రాలలో పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లను, డీజిల్ కార్లకు పొగ సాంద్రతను కొలుస్తారు. నత్రజని ఆక్సైడ్లను కొలవరు. కాబట్టి రీమ్యాప్ చేసిన కారు కూడా ధ్రువపత్రం పొందవచ్చును. కంటితో చేసే తనిఖీకి సాఫ్ట్‌వేర్ మార్పు చిక్కదు. ఇది ఇక్కడి సమస్య మాత్రమే కాదు. అమెరికాలో పదేళ్ల కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ వాహనాల ఉద్గార నియంత్రణ వ్యవస్థలను తొలగించినట్లు ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో అంచనా వేసినది. అక్కడ ఒక్కొక్క యజమానిని వెదకుట కంటె, పరికరాలను తయారుచేసి విక్రయించే సంస్థలపై చర్యలకు ప్రాధాన్యమిచ్చారు.

ఈ అనుభవం రవాణా శాఖ తనిఖీలకు దారి చూపుతున్నది. రహదారిపై ప్రతి కారు బానెట్ తెరిపించుట సాధ్యము కాదు. పరికరాలకు ఆమోద ప్రమాణాలను నిర్దేశించుట, ప్రమాద దర్యాప్తులలో ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ను కూడా పరిశీలించుట ఆచరణీయ మార్గాలు. అంతవరకు వాహనదారులు కొనుగోలుకు ముందు రెండు ప్రశ్నలు వేసుకొనుట శ్రేయస్కరం. ఈ పరికరం శక్తిని నిజంగా పెంచుతుందా? పెంచేటట్లయితే దానిని ఆర్సీలో నమోదు చేయించుటకు వీలున్నదా? మొదటి ప్రశ్నకు "లేదు" అన్న సమాధానం వచ్చినచో, వెచ్చించిన సొమ్ము కేవలం అనుభూతికే. రెండవ ప్రశ్నకు "లేదు" అన్న సమాధానం వచ్చినచో, బాధ్యత మొత్తం యజమానిదే.