ఎలుగుబంట్ల సీమకు దోనెలో పోవు సోదరీమణులకు

వేసవి సెలవులు సమీపించుకొలది కెనడా దేశమున కాపురముండు మన తెలుగు సోదరీమణుల యిండ్లలో ఒక చర్చ పుట్టుచుండును. పిల్లలు బడిలో తోడివారు చెప్పగా విని, “మనమును దోనెలో పోయి అడవిలో గుడారము వేసికొందము” అందురు. తండ్రి వెంటనే సరేయనును. తల్లి మాత్రము “అచ్చట ఎలుగుబంట్లున్నవట గదా!” యని సందేహించును. ఆమె సందేహమును పిరికితనమని యింటిల్లిపాదియు నవ్వుట కలదు. మా యభిప్రాయము వేరు. అది యడుగదగిన ప్రశ్నయే. దానికి తగిన సమాధానము దొరకిన పిమ్మటనే దోనె నీటిలో దిగవలెను. ఈ నెల మా శీర్షికను ఆ సమాధానమునకే వినియోగించుచున్నాము.

టొరాంటో నగరమున నుండువారికి ఇట్టి విహారమునకు ప్రసిద్ధమైన తావు ఆల్గాంక్విన్ ఉద్యానవనము. ఇది 1893లో ఏర్పడినది. వైశాల్యము సుమారు 7,600 చదరపు కిలోమీటర్లు. అందు 2,400కు పైగా సరస్సులు కలవు. నగరము నుండి మోటారులో ఇంచుమించు మూడు గంటల ప్రయాణము. 60వ నెంబరు రహదారి వనము యొక్క దక్షిణభాగమున 56 కిలోమీటర్లు సాగును. ఆ దారిని విడిచి లోపలికి పోదలచువారికి ‘కెనూ’ యను తేలికదోనెయే వాహనము. సరస్సునకును సరస్సునకును నడుమ నేల యడ్డుపడిన చోట దోనెను తలక్రిందులుగ భుజములపై నెత్తుకొని, మూటలు మోసికొని, కాలిబాటను నడువవలెను. దీనినే ‘పోర్టేజి’ యందురు. ఆ సీమ ప్రాచీన నివాసులైన ఆల్గాంక్విన్ జాతివారు భూర్జవృక్షపు బెరడుతో ఇట్టి దోనెలను నిర్మించి యుగయుగములుగ ప్రయాణించిరి. వనమునకు పేరు వారి వలననే వచ్చినది.

ఇది పురుషులకే తగిన సాహసమని యెవరైన ననినచో, ఇరువదవ శతాబ్దపు తొలి దశకముననే ఫానీ కేస్ అను ఉపాధ్యాయిని ఈ వనమున బాలికలకై శిబిరమును స్థాపించినదనియు, ఎస్తర్ కీజర్ అను స్త్రీ 1930 ప్రాంతములలోనే యాత్రికులకు దారిచూపు వృత్తిని చేపట్టినదనియు మన సోదరీమణులు చెప్పవచ్చును.

ఇక ఎలుగుబంటి సంగతి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు తోటలలో మనుష్యుల మీద బడి గాయపరచు ఎలుగును గూర్చి విన్నవారికి ఆ పేరు వినగనే గుండె జల్లుమనుట సహజము. కాని ఆల్గాంక్విన్‌లోనిది వేరు జాతి. మన ఎలుగు చెదలును తేనెను ఇప్పపూవును తినునది. మనుష్యుడు హఠాత్తుగ నెదురైనచో నిలిచి పోరాడు స్వభావము కలది. అమెరికా ఖండపు నల్ల ఎలుగు సాధారణముగ మనుష్యుని గాంచి తొలగిపోవును; పిల్లలను చెట్టెక్కించి తానును తప్పుకొనును. శీతకాలమంతయు గుహలో నిద్రించును. ఆడుది ఆ నిద్రాకాలమున, జనవరిలో, పిల్లలను గనును. వసంతమున వెలువడినది మొదలు మరల నిద్రించువరకు దానికి ఆకలియే ముఖ్యము. వేసవిలో అడవిరేగుల వంటి చిన్నపండ్లను, శరత్కాలమున కాయలను గింజలను తిని క్రొవ్వు కూడబెట్టుకొనును. దాని ఘ్రాణశక్తి మిక్కిలి గొప్పది.

అట్లని అపాయమే లేదనుట అసత్యము. ఇదే వనమున 1978 మే నెలలో చేపలు పట్టుకొనుచున్న ముగ్గురు బాలురను, 1991 అక్టోబరులో ఓపియాంగో సరస్సు నందలి బేట్స్ ద్వీపమున విడిది చేసిన యిద్దరిని నల్ల ఎలుగులు చంపినవి. ఏటేట అచ్చటికి పోవు జనసంఖ్యను తలచినచో ఇట్టివి మిక్కిలి అరుదు. అరుదైనను జరుగును గనుక జాగ్రత్త వలయును. ఆ జాగ్రత్తలో నూటికి తొంబదిపాళ్ళు వంటయింటి జాగ్రత్తయే. అందుచేతనే ఈ యాత్రకు నాయకురాలు గృహిణి యని మేము చెప్పుచున్నాము.

ఎలుగు మన గుడారమునకు వచ్చుటకు ముఖ్యకారణము మన యాహారపు వాసన. ఒక్కమారు సులభముగ తిండి దొరకినచో అది ఆ చోటును మరువదు. మరల వచ్చును, భయము విడుచును, తుదకు తరువాత వచ్చు యాత్రికుల మీదికి పోవును. అంతట అధికారులకు దానిని కాల్చివేయుట తప్ప వేరు గతి యుండదు. మనము పారవేసిన అన్నము ఒక మృగమునకు మరణదండన యగునని పిల్లలకు చెప్పినచో, వారే పెద్దవారికంటె శ్రద్ధగ మెతుకు లేరుదురు.

గుడారములోనికి ఆహారమేదియు రాకూడదు. ఆహారమనగా తినునది మాత్రమే కాదు. పండ్లపొడి, సబ్బు, కొబ్బరినూనె, ముఖమునకు వ్రాసికొను లేపనములు, పిల్లల జేబులలోని మిఠాయి, మందుబిళ్ళలు, తుదకు చెత్తసంచి - వాసన గలదెల్ల ఎలుగునకు ఆహారమే. వంట చేసినప్పుడు కట్టిన బట్టలతో నిద్రింపరాదు. రాత్రి యగుటకు ముందే ఇవన్నియు ఒక గట్టి సంచిలో వేసి, త్రాటితో చెట్టుకొమ్మకు నేలనుండి 4 మీటర్ల యెత్తున, మాను నుండి 2 మీటర్ల యెడముగ వ్రేలాడగట్టవలెను. ఆ చెట్టు గుడారమునకు దూరముగ నుండవలెను. తగిన కొమ్మను చీకటిలో వెదకుట కష్టము. కావున విడిదికి చేరిన వెంటనే మొదట చేయవలసిన పని యిదే. మూతబిగువు గల నీలి పీపాలు అద్దెకు దొరకును. అవి వాసనను కొంత యడ్డగించునే గాని ఎలుగు పంజాకు పూర్తిగ నిలువవు. కావున వానిని గూడ వ్రేలాడగట్టుట మేలు.

వనము లోపలి విడుదులకు గాజుసీసాలును రేకుడబ్బాలును కొనిపోవుట నిషిద్ధము. మన వంటలకు ఇది లోటు కాదు. పెద్దవారికి రోజునకు సుమారు 700 గ్రాములు, పిల్లలకు 500 గ్రాములు ఎండు సరకు చాలును. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు నాలుగు దినములు పోవుదురేని మొత్తము పదికిలోలకు మించదు. బొంబాయిరవ్వను ఇంటనే వేయించి, ఆవాలు, మినపపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి చల్లార్చి సంచిలో కట్టినచో, అచ్చట మరిగిన నీటిలో పోసిన ఉప్మా సిద్ధము. కందిపప్పు ఉడుకుటకు చాలసేపు పట్టును. వేయించిన పెసరపప్పు త్వరగ నుడుకును. అటుకులు, కందిపొడి, కరివేపాకుపొడి, వేరుశనగపప్పు, బెల్లపుటచ్చులు, సున్నుండలు - ఇవి బరువు తక్కువ, బలమెక్కువ. పులిహోర మొదటిదినపు మధ్యాహ్నమునకే ముగించవలెను. ఆవకాయను మాత్రము ఇంటనే విడుచుట మంచిది. ఆ నూనె ఒక్కమారు బట్టకు అంటినచో వాసన వదలదు. నూనెలో వేయించు వంటలు అడవిలో పెట్టుకొనరాదు. ఒక్కొక్క పూటకు వలసినది ఒక్కొక్క సంచిలో కొలిచి కట్టి, పైన దినమును పూటను వ్రాసినచో, మిగులుట యుండదు. మిగులనిచో పారవేయుట యుండదు. అంట్లు కడిగిన నీటిని వడగట్టి, మెతుకులను చెత్తసంచిలో వేసి, నీటిని సరస్సునకు దూరముగ నేలపై చల్లవలెను. పొడి దినములలో మంట వేయరాదని యధికారులు నిషేధించుట కలదు గనుక చిన్న గ్యాసు పొయ్యి యుండుట అవశ్యకము. త్రాగునీటిని తెర్లకాచియైనను, వడపోత సాధనముతో శుభ్రపరచియైనను వాడవలెను.

స్త్రీలు నోరు విప్పి యడుగుటకు సంకోచించు సంగతి యొకటి కలదు. మేము సంకోచింపక చెప్పుదుము. 1967 ఆగస్టులో అమెరికా నందలి గ్లేసియర్ జాతీయోద్యానమున ఒకే రాత్రి రెండు వేర్వేరు చోట్ల గ్రిజ్లీ యను వేరుజాతి ఎలుగులు ఇద్దరు యువతులను చంపినవి. నాటినుండి బహిష్టయిన స్త్రీ అడవికి పోరాదను మాట వ్యాపించినది. 1991లో లిన్ రోజర్సు అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును మిన్నెసోటా రాష్ట్రపు నల్ల ఎలుగులను పరీక్షించి, అవి ఆ వాసనను లక్ష్యపెట్టలేదని ప్రకటించిరి. కావున ఆ దినములు వచ్చినవని యాత్ర మానుకొన బనిలేదు. వాడిన గుడ్డలను మాత్రము పాతిపెట్టక, బిగువైన సంచిలో నుంచి, చెత్తతో పాటు చెట్టున గట్టి, తిరిగి నగరమునకు తేవలెను. ప్రతి విడిదియందును మూతగల కొయ్యపెట్టె మరుగుదొడ్డిగ నమర్చబడి యుండును. పిల్లలు రాత్రివేళ అచ్చటికి ఒంటరిగ పోరాదు.

ఎలుగు కంటబడినచో పరుగెత్తరాదు. అది మనకంటె వేగముగ పరుగెత్తును. చెట్టెక్కరాదు, అది మనకంటె బాగుగ నెక్కును. పిల్లలను దగ్గరకు చేర్చుకొని, దానికి ఎదురుగ నిలిచి, గట్టిగ మాటలాడుచు, దానికి తొలగుటకు దారి విడిచి, మెల్లగ వెనుకకు నడువవలెను. విడిదిలోనికి వచ్చినచో అందరును కలసి కేకలు వేసి గిన్నెలను గరిటెలతో మ్రోగింపవలెను. మిరప ఘాటు గల పిచికారీని మూటలో గాక చేతికందునట్లు ఉంచుకొని, గాలివాలు చూచి, ఎలుగు కొలది మీటర్ల లోనికి వచ్చినప్పుడే వాడవలెను. దానిని దోమలమందు వలె బట్టలకు చల్లరాదు. నల్ల ఎలుగు మీద బడినచో చచ్చినట్లు పడియుండుట ప్రమాదము. చేతికందిన దానితో దాని ముఖముపై కొట్టి పోరాడవలెను. చెట్టుమీద ఎలుగుపిల్ల కనబడినచో దాని యందము చూచుచు నిలువక, వచ్చినదారినే మరలవలెను.

ఇంత చెప్పియు, ఎలుగుకంటె నీటికే యెక్కువ భయపడుడని మా హెచ్చరిక. టామ్ థామ్సన్ అను విఖ్యాత చిత్రకారుడు ఈ సరస్సులపై దోనె నడుపుటలో ఆరితేరినవాడు. 1917 జూలైలో అతడు కెనూ సరస్సునందే ప్రాణము కోల్పోయెను. కెనడా శాసనము ప్రకారము దోనెలో నుండు ప్రతివారికిని సరిపడు తేలుడుచొక్కా యుండి తీరవలెను. అది పీటగ వేసికొని కూర్చుండుటకు గాదు, తొడుగుకొనుటకు. దానితోపాటు 15 మీటర్ల తేలుత్రాడును, నీరు తోడు పాత్రయు, ఈలయు నుండవలెను. దోనెలో నిలువబడరాదు. చీర తడిసినచో కాళ్ళకు చుట్టుకొనును. నూలుబట్ట త్వరగ నారదు. కావున ఆ నాలుగు దినములును ఉన్నిదో, వేగముగ నారునదో దుస్తులు ధరించుటలో లోపము లేదు. గాలి సాధారణముగ మధ్యాహ్నమునకు లేచును. ఉదయమే బయలుదేరి, ఒడ్డు వెంబడి సాగి, మూడుగంటలలోపల విడిది చేరవలెను.

కాలమును గూర్చి కూడ ఆలోచింపవలెను. మేలో నీరు మంచువలె నుండును; మే మధ్యనుండి జూన్ వరకు నల్లయీగలును దోమలును బాధించును. ఆగస్టు చివరి దినములు కుటుంబములకు అనుకూలము. లోపలి విడుదులకు ముందుగనే స్థలము నిర్ణయించుకొనవచ్చును. ఒక్కొక్క తావున 9 మందికి మించి యుండరాదు. క్రొత్తవారు అనుభవము గల మరియొక కుటుంబముతో కలసి పోవుట ఉత్తమము. కెనూ సరస్సున బయలుదేరి, సుమారు 300 మీటర్ల పోర్టేజి నొకదానిని దాటి, జో సరస్సునకో దాని పైనున్న టీపీ సరస్సునకో చేరి, అచ్చటనే మూడు రాత్రులుండి తిరిగివచ్చుట తొలియాత్రకు చాలును. లోపల టెలిఫోను పలుకదని తలచియే పోవలెను. ఏ దారిని పోవుచున్నారో, ఏ దినమున తిరిగివత్తురో వ్రాసి నగరమున నమ్మకమైన వారికి ఇచ్చిపోవలెను.

తుదిమాట యొకటి. బయలుదేరుటకు ముందే యింటివారందరును ఒక నియమము నంగీకరింపవలెను: గాలి హెచ్చినదనియో, ఎలుగు జాడ కనబడినదనియో, ఎవరైన నొక్కరు “ఇక చాలును, మరలుదము” అనినచో వాదింపక మరలవలెను. అనువారు తల్లియైనను సరే, చిన్నపిల్లయైనను సరే. మరలివచ్చిన వారికి మరుసటి యేట ఆ సరస్సు అచ్చటనే యుండును. ఈ యొప్పందమునకు సమ్మతింపని యింట, ఎన్ని మూటలు కట్టినను యాత్రకు సిద్ధమైనట్లు గాదు. సమ్మతించిన యింట గృహిణి నిర్భయముగ తెడ్డు చేపట్టవచ్చును. తెల్లవారుజామున పొగమంచు లేచు నీటిపై లూన్ పక్షి కూత వినుట ఆమెకును పిల్లలకును దక్కవలసిన భాగ్యమే.