వంశవృక్షంలో లేని పేర్లు

గడచిన రంజాన్ పండుగనాడు, అనగా 2025 మార్చి 31న, ఈద్గాలో నమాజు ముగించుకొని మా కుటుంబం వారందరమూ విజయవాడ సింగ్‌నగర్‌లోని దాదీమా ఇంట చేరినాము. గుడివాడ నుండి, మచిలీపట్నం నుండి, దివిసీమలోని నాగాయలంక నుండి వచ్చినవారితో ఇల్లు నిండిపోయినది. షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయిన పిమ్మట మా పెద్ద చాచా ఆనవాయితీ ప్రకారం గుడ్డలో చుట్టిన శజరా తీసి ముందుగదిలో పరచినారు. శజరా అనగా వంశవృక్షము. తొమ్మిది తరాల పేర్లు ఉర్దూ లిపిలో, కొమ్మలు రెమ్మలుగా, నల్లసిరాతో వ్రాసి ఉన్నవి. ఆయన ఒక్కొక్క పేరే చదువుచుండగా, ఇంటర్మీడియట్ చదువుచున్న మా చెల్లెలు ఉన్నట్టుండి, "చాచా, ఇందులో దాదీమా ఎక్కడ ఉన్నది?" అని అడిగినది.

చాచా నవ్వి, "ఆడవారి పేర్లు శజరాలో వ్రాయరమ్మా" అన్నారు.

నేను లెక్కించి చూచినాను. నూట పన్నెండు పేర్లు. స్త్రీ పేరు ఒక్కటియు లేదు. వీరందరూ తల్లులు లేకుండగనే పుట్టినారా అని చెల్లెలు మరల అడుగలేదు గాని, అడిగి ఉంటే మా వద్ద జవాబు లేదు.

పండుగలకు నలుగురమూ కూడినప్పుడు కుటుంబ చరిత్రను, సంప్రదాయాలను భద్రపరచుకొనవలెనని పెద్దలు చెప్పుచునే ఉన్నారు. కాదనువారు లేరు. కాని మన ఇండ్లలో ఆ పని ఇంతవరకు ముందుగదిలోనే జరిగినది. వంటయింటి గడప దాటలేదు. నా అభిప్రాయంలో మన చరిత్రలో సగం ఆ వంటయింటిలోనే ఉన్నది. కాగితం మీద లేదు గనుక ముందుగా నశించునది కూడ ఆ సగమే.

మన డెల్టాలో పేర్ల తీరే ఇందుకు కొంత కారణము. ఇక్కడి ముస్లిములు షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్ అను మాటలను తెలుగువారి ఇంటిపేర్ల వలె పేరుకు ముందు పెట్టుకొందురు. వీధిలో సగం మంది షేక్‌లే అయినచోట, ఏ షేక్ ఏ ఇంటివాడో తెలియుటకు వృత్తినో ఊరినో చేర్చి చెప్పుకొనవలసినదే. పురుషునికి ఆ మాత్రమైనా గుర్తు ఉన్నది. షేక్ వారి ఇంట పుట్టి, షేక్ వారి ఇంటనే మెట్టిన ఆడపడుచు ఎక్కడ నుండి వచ్చినదో రెండు తరాల తరువాత చెప్పగలవారు ఎవరు?

ఆ రోజు మధ్యాహ్నం నేను నోటుపుస్తకం పుచ్చుకొని వంటయింటిలోనికి వెళ్ళినాను. నాగాయలంక నుండి వచ్చిన ఫుప్పూ (మా నాన్నగారికి పినతండ్రి కూతురు) దాల్చాకు సొరకాయ తరుగుచున్నది. శజరాలో మూడు పేర్ల ప్రక్కన 1397 హిజ్రీ అని మరణ సంవత్సరం వేసి ఉన్నది. ఆ ముగ్గురి సంగతి అడిగినాను.

1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన సంగతి చదువరులకు తెలిసినదే. పదివేల మంది వరకు మరణించినట్లు ప్రభుత్వపు లెక్క. అప్పటికి ఫుప్పూకు పదునాలుగేండ్లు. ఆ ఉప్పెన తరువాత రెండు మూడు దినములకే బక్రీద్ వచ్చినది. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోను చూడలేదు. పాత పంచాంగాలతో సరిచూచుకొంటే నిజమే. "ఖుర్బానీ మాట దేవుడెరుగు, ఊళ్ళో కోడిపిల్ల కూడా మిగల్లేదు" అన్నది ఫుప్పూ. నాటి నుండి మా దివిసీమ బంధువులు ఏ ముచ్చట చెప్పినా, తుపాను బక్రీదుకు ముందు, తుపాను బక్రీదుకు తరువాత అనియే చెప్పుదురు.

"ముగ్గురు కాదు నాన్నా, ఏడుగురు" అని ఆమె వ్రేళ్ళు ముడిచి లెక్కపెట్టినది. శజరాలో ఉన్న ముగ్గురు పురుషులు. వారి వెనుక ఫుప్పూ తల్లి, ఇద్దరు చిన్న చెల్లెళ్ళు, మూడు నెలల క్రిందట పెడన నుండి కోడలుగా వచ్చిన పిల్ల. ఆ కోడలి పేరు నలువది ఏడేండ్లుగా మా ఇంట ఎవరి నోటను వినబడలేదు. నేను పుట్టిన ఇంటిలో, ప్రతి పండుగకూ శజరా చదివిన ఇంటిలో, నలుగురు మనుషులు ఇట్లు మాయమైనారు. దోషం ఎవరిదని ఆలోచించితిని. వ్రాసినవారు దుర్మార్గులు కారు. వారికి ఎవరూ చెప్పలేదు, వారు ఎవరినీ అడుగలేదు, అంతే. ఆ పేర్లు ఇక్కడ అచ్చు వేయుట లేదు. అవి మా ఇంటి పుస్తకంలో చేరినవి.

వృద్ధులు చెప్పునవి నమ్మదగినవేనా, తేదీలు లేని కబుర్లు చరిత్ర ఎట్లగును అని కొందరు విద్యాధికులు అడుగుదురు. తేదీలు లేవనుట పొరపాటు. దాదీమా నికాహ్ 1971లో జరిగినదని మా ఇంటిలో అందరి నమ్మకము. ఎవరో దరఖాస్తులో అట్లు నింపినారు, అది స్థిరపడినది. దాదీమాను అడిగితే సంవత్సరం చెప్పలేదు గాని, "రంజాన్ పండగా, సంక్రాంతీ పక్కపక్కనే వచ్చినాయి. మేము షీర్ ఖుర్మా పంపిస్తే పొరుగింటివాళ్ళు అరిసెలు పంపించినారు. ఆ వారంలోనే నా నికాహ్. గోడల నిండా ఎన్నికల రాతలు" అన్నది. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 దినములు. అందుచేత రంజాన్ ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుచు, సుమారు ముప్పది మూడేండ్లకు మరల అదే ఋతువునకు వచ్చును. రంజాన్ పండుగ జనవరి నడుమ సంక్రాంతిని ఆనుకొని వచ్చినది 1967లో. అటువంటి కలయిక అంతకు ముందు 1934 ప్రాంతమున, తరువాత 1999, 2000 ప్రాంతమున మాత్రమే. ఆమె వయస్సుకు ఆ రెండును పొసగవు. 1967 ఫిబ్రవరిలో సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. గోడమీది రాతలు కూడ సరిపోయినవి. తరువాత ట్రంకు పెట్టె వెదకగా నికాహ్‌నామా దొరికినది. అందున్నది షవ్వాల్ 1386. లెక్కకు లెక్క సరి! అరిసెలు సాక్ష్యం చెప్పునని ఏ ఆచార్యుడు నేర్పును?

ఆ నికాహ్‌నామా గురించి ఒక మాట. శజరా స్త్రీని మరచినను ఖాజీగారి కాగితం మరువదు. వధువు పేరు, తండ్రి పేరు, మెహర్, సాక్షులు, అన్నీ అందు వ్రాయవలసినదే. మీ ఇండ్లలోని ముసలి పెట్టెలలో ఇట్టి కాగితాలు ఎన్ని పడి ఉన్నవో!

విన్నది వ్రాయుటకు మనకు వేరే పద్ధతి వెదుకనక్కరలేదు. హదీసు పండితులు ప్రతి వాక్యానికి ముందు ఇస్నాద్ చెప్పిరి. ఎవరు ఎవరివలన విన్నారు, ఆయన ఎవరివలన విన్నాడు అను గొలుసు. గొలుసులో తెగినచోట తెగినదని చెప్పుటకు వారు సిగ్గుపడలేదు. మన నోటుపుస్తకంలో కూడ అంతే. "ఫుప్పూ కండ్లారా చూచినది" అనునది వేరు, "ఫుప్పూ తన మేనత్త వలన విన్నది" అనునది వేరు. రెండును వ్రాయవలెను, వేరువేరుగా వ్రాయవలెను.

వంశం వ్రాసుకొనుట వంశగర్వానికి దారి తీయునని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆ భయం నాకును ఉన్నది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం గొప్ప రేవు, పారశీక వర్తకులు అక్కడ దిగిన మాట వాస్తవము. అంతమాత్రాన కృష్ణా జిల్లాలో ప్రతి ఇంటి ముత్తాతయు ఓడ దిగి వచ్చినాడనుట ఆ ఓడలకు మోయలేని బరువు. మన పూర్వులలో దూది ఏకినవారు, మగ్గం నేసినవారు, బండి తోలినవారు ఉన్నారు. ఇంటిలో తెలుగే మాటలాడిన నూర్‌బాషా కుటుంబాలు ఎన్నో ఉన్నవి. వంటయింటి చరిత్ర వ్రాసినచో ఈ గర్వానికి అదే మందు. ఆడవారు ఎవరూ నాతో బుఖారా మాట ఎత్తలేదు. ఏ కరువులో ఏ గింజ తిన్నారో చెప్పినారు.

పండుగపూట దుఃఖం త్రవ్వుట ఎందుకను ప్రశ్న ఇంకను బరువైనది. ఫుప్పూ చెప్పుచుండగా, ఆ ఉప్పెనలో తల్లిని పోగొట్టుకొన్న మరొక బంధువు లేచి బయటికి వెళ్ళినారు. ఆయనను మరల అడుగలేదు, అడుగరాదు. కాని ఫుప్పూ చేతులు కడుగుకొని, "ఆ పిల్ల పేరు సరిగా రాసుకున్నావా, ఏదీ చదువు" అని రెండుసార్లు చదివించుకొన్నది. చెప్పదలచినవారు ఉన్నారు. వారికి పండుగ తప్ప వేరే సమయం దొరకదు. పండుగ మరునాడే ఎవరి బస్సు వారిది.

సెల్‌ఫోనులో మాట పట్టుకొంటే చాలదా అందురు. పట్టుకొనుడు, మంచిదే. అయితే ఫోను మారినప్పుడెల్ల ఏమి మిగిలినదో చూచుకొనుడు.

కాగితానికైనను ఈ డెల్టాలో శత్రువు ఉన్నది. అది నీరు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన సుమారు ముప్పదివేల మందిని బలిగొన్నది. 1977 సంగతి చెప్పితిని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇండ్లలోనికి వచ్చినప్పుడు దాదీమా ట్రంకు పెట్టె కూడ నానినది. నికాహ్‌నామాను గోడకు ఆనించి ఆరబెట్టినారు. ఎవరును చదువలేదు, ఏలన చదువగలవారు ఇంటిలో చాచా ఒక్కరే, ఆయన అప్పుడు ఊరిలో లేరు.

ఇక్కడనే మన కళాశాల ప్రసక్తి వచ్చును. మన వార్షిక సంచిక ఒక కొసన తెలుగులో, మరొక కొసన ఉర్దూలో తెరుచుకొనును. రెండును నడుమ కలియును. ఆ కొసవారు ఈ కొస చదువరు, ఈ కొసవారు ఆ కొస చదువలేరు. తెలుగు విభాగం విద్యార్థుల ఇండ్లలో ఉన్న ఉర్దూ కాగితాలను ఉర్దూ విభాగం వారు చదివిపెట్టి, తెలుగువారు వాటిని తెలుగులో ఎత్తి వ్రాసుకొనునట్లు, పండుగ సెలవులైన మరుసటి వారంలో రెండు మధ్యాహ్నాలు కేటాయించవలెనని కళాశాల కమిటీ వారిని కోరుచున్నాను. ఖర్చు లేదు. ఒక గది, రెండు బల్లలు చాలును. కుటుంబంవారు ఒప్పుకొన్నవి మాత్రమే వచ్చే సంచికలో కొన్ని పుటలు వేయవచ్చును; తక్కినవి ఎవరింటికి వారివి.

మొదటి కాగితం నేనే తెత్తును. దాదీమా నికాహ్‌నామాలో రెండవ సాక్షి పేరున్నచోట బుడమేరు నీటికి సిరా పాకినది. చాచా అది "గఫార్" అందురు, ఫుప్పూ "జబ్బార్" అనును, దాదీమా ఇద్దరూ తప్పే అని నవ్వును. ఉర్దూ శాఖ మిత్రులు భూతద్దం తెచ్చుకొని రావలెను.