టెన్సులు రాని పిల్లలా? టెన్సులు చెప్పలేని చదువా?

"ఎస్సీ హాస్టల్ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా టెన్సులు రావండీ." బడుల్లో టీచర్లు కూర్చునే గదుల్లో ఈ మాట మేం ఇరవై ఏళ్ళుగా వింటున్నాం. అనేవాళ్ళంతా చెడ్డవాళ్ళేం కాదు. కొందరు జాలిపడుతూ కూడా అంటారు. జాలితో అన్నా, వెటకారంగా అన్నా దాని అర్థం ఒక్కటే: లోపం ఆ పిల్లల బుర్రలో ఉందని. దీన్ని మేం ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో ఇక్కడ చెప్తాం. చదువురాని అన్నలూ అక్కలూ దీన్ని ఎవరిచేతనైనా చదివించుకుని వినాలని మా కోరిక. ఎందుకంటే ఈ గొడవ పరీక్ష మార్కులతో ఆగదు. మన భూమి కాగితాల దాకా, పోలీసు కేసుల దాకా పోతుంది.

ముందు బడిలో జరిగేది చూద్దాం. ఇంగ్లీషు పంతులు నల్లబల్ల మీద ఒక పట్టిక గీస్తాడు. పైన మూడు గళ్ళు: ప్రెజెంటు, పాస్టు, ఫ్యూచరు. పక్కన నాలుగు గళ్ళు: సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. మూడు నాలుగులు పన్నెండు. పన్నెండూ కంఠతా పట్టమంటాడు. పిల్లలు పడతారు. అప్పజెప్పమంటే గడగడా అప్పజెప్తారు. తీరా "మా నాన్న రోజూ కూలికి పోతాడు" అని ఇంగ్లీషులో రాయమంటే ఒక అమ్మాయి "విల్ గో" అని రాస్తుంది. ఎర్ర సిరా పడుతుంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి మొద్దు కింద లెక్క.

ఆ అమ్మాయి మొద్దు కాదు. తెలుగు పిల్ల, అంతే. మన తెలుగులో "పోతాడు" అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. "రోజూ పోతాడు" అంటే అలవాటు. "రేపు పోతాడు" అంటే జరగబోయేది. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేరు వేరు రూపాలున్నాయి. మొదటిదానికి "గోస్", రెండోదానికి "విల్ గో". పంతులేమో "తాడు, తారు అని వస్తే ఫ్యూచరు" అని నేర్పాడు. ఆ పిల్ల చెప్పినట్టే రాసింది. మరి తప్పెవరిది?

ఇంకో విచిత్రం చూడండి. పక్క పీరియడులో తెలుగు పంతులు ఇదే పిల్లకు భూత, భవిష్యత్, వర్తమాన కాలాలతో పాటు తద్ధర్మం అనే నాలుగోదాన్ని కూడా చెప్తాడు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఉన్నదే అది. స్వభావాన్నీ అలవాటునీ చెప్పేది తద్ధర్మం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. నిప్పు కాలుతుంది. ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంటు ముఖ్యంగా చేసే పని కూడా ఇదే. దాని పేరులో ప్రెజెంటు ఉంది గానీ, ఈ క్షణాన కళ్ళముందు జరిగేదానికి ఎక్కువగా వాడేది "ఈజ్ గోయింగ్" లాంటి రూపాన్నే. "సింపుల్ ప్రెజెంటు అంటే మన తద్ధర్మమేనమ్మా" అని ఒక్క మాట చెప్తే సగం చిక్కు వీడిపోతుంది. ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు లేరు. తెలుగు పీరియడుకూ ఇంగ్లీషు పీరియడుకూ మధ్య గోడ కట్టి, ఆ గోడకు పిల్లల తల కొడుతున్నారు.

ఆ పన్నెండు గళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లీషు క్రియ తన రూపం మార్చుకుని చెప్పే కాలాలు రెండే. "గో" ఒకటి, "వెంట్" ఒకటి. ఫ్యూచరుకు దానికి సొంత రూపం లేదు, "విల్" లాంటి మాటను తోడు తెచ్చుకోవాలి. అందుకే భాషాశాస్త్రం చదివినవాళ్ళలో చాలామంది ఇంగ్లీషుకు రెండే టెన్సులంటారు. తక్కిన గళ్ళన్నీ వేరే సంగతి చెప్తాయి: పని సాగుతూ ఉందా, అయిపోయిందా, అయిపోయినా దాని ఫలితం ఇంకా నిలిచి ఉందా అని. ఈ ప్రశ్నలు మన పిల్లలకు తెలియనివా? నాటు పడిందా, కలుపు తీస్తున్నారా, కోత అయిపోయిందా అని పొద్దున లేస్తే ఇంట్లో వినే మాటలే గదా!

ప్రతి భాషా కాలాన్ని తన పద్ధతిలో చెప్పుకుంటుంది. చైనా భాషలో నిన్నటికీ రేపటికీ క్రియ మారదు. నిన్న, రేపు లాంటి మాటలూ, పని అయిందని చెప్పే చిన్న చిన్న ముక్కలూ ఆ పని చూసుకుంటాయి. మన హైదరాబాదు ఉర్దూలో "కల్" అంటే నిన్న, రేపు కూడా. "కల్ ఆయా" అంటే నిన్న వచ్చాడు, "కల్ ఆయేగా" అంటే రేపు వస్తాడు. క్రియ చూస్తేనే తెలుస్తుంది. ఫ్రెంచివాళ్ళూ జర్మన్లూ "పదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాం" అనడానికి మనలాగే వర్తమానమే వాడతారు. ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు వాళ్ళ పిల్లలూ మన పిల్లలు తప్పిన చోటే తప్పుతారు. అక్కడ దాన్ని నేర్చుకునేటప్పుడు వచ్చే మామూలు తప్పంటారు. ఇక్కడ మాత్రం కులం అడుగుతారు.

మన తెలుగులోనే ఏం జరిగిందో మర్చిపోవద్దు. జరిగిపోయిన పనికి కోస్తాలో "వచ్చాడు" అంటారు, తెలంగాణలో "వచ్చిండు", సీమలో "వచ్చినాడు". మూడూ భూతకాలమే, మూడూ తెలుగే. కృష్ణా గోదావరి డెల్టాల్లో చదువుకున్న పై కులాల మాట పుస్తకాల మాటయింది. తక్కినవి యాస అయ్యాయి, మోటు అయ్యాయి. "వచ్చిండు" అని రాసిన పిల్లవాడికి ఎంతకాలం ఎర్ర సిరా పడిందో చదువుకున్న మనవాళ్ళందరికీ తెలుసు. ఇంగ్లీషు దాకా పోకముందే, అమ్మ నేర్పిన భూతకాలమే తప్పని చెప్పారు. ఇక ఆ పిల్లవాడు ఇంగ్లీషులో ధైర్యంగా నోరెలా విప్పుతాడు?

ఇప్పుడు బడి దాటి తహసీల్దారు ఆఫీసు దగ్గరికి పోదాం. "ఈ రెండెకరాలు 1982 నుంచి మేమే దున్నుకుంటున్నాం" అని మన మనిషి ఒకాయన అర్జీ రాయించాడనుకుందాం. తెలుగులో ఇందులో అనుమానం లేదు. అప్పుడు మొదలుపెట్టాం, ఇవాళా మా నాగలి అందులోనే ఉంది. తగువు పెరిగి హైకోర్టుకు పోతే? రాజ్యాంగం 348వ అధికరణం వల్ల అక్కడి వ్యవహారం ప్రధానంగా ఇంగ్లీషులోనే. అర్జీని ఇంగ్లీషు చేసేవాళ్ళు "కల్టివేటెడ్" అని రాస్తే, ఒకప్పుడు దున్నామనే తేలుతుంది. ఇప్పుడు ఎవరు దున్నుతున్నారో అది చెప్పదు. "ఆర్ కల్టివేటింగ్" అంటే ఇప్పటి సంగతి తెలుస్తుంది, 1982 సంగతి గట్టిగా నిలవదు. "హావ్ బీన్ కల్టివేటింగ్ సిన్స్ 1982" అంటేనే మనం అన్నది అన్నట్టు వస్తుంది. పట్టికలో ఆఖరి వరసలో పడి ఉండి, పరీక్షలో ఒకటి రెండు మార్కులకు అడిగే ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అంటే ఇదే. భూమి తగువుల్లో పహాణీ, అడంగల్ లాంటి రికార్డులదే బలం, నిజమే. కానీ అర్జీలో మాట రికార్డుతో పొసగకపోతే ఎదుటి వకీలు పట్టుకునేది ఆ మాటనే.

"భూమి మా స్వాధీనంలో ఉంది" అన్నా అంతే. తెలుగులో "ఉంది" నిన్నటికీ చెల్లుతుంది, ఇవాళ్టికీ చెల్లుతుంది. "నిన్న ఊళ్ళోనే ఉన్నాడు" అంటాం, "ఇప్పుడూ ఊళ్ళోనే ఉన్నాడు" అంటాం. ఇంగ్లీషులో దీన్ని "వాజ్", "ఈజ్" అని రెండుగా చీల్చాలి. తొందరలో "వాజ్" పడిందా, కాగితం మీద భూమి మన చేతిలోంచి జారినట్టే. "పట్టా రాలేదు" అన్నదీ రెండు రకాలు. "డిడ్ నాట్" అంటే అప్పుడు రాలేదు, ఆ కథ ముగిసింది. "హాజ్ నాట్" అంటే ఇప్పటిదాకా రాలేదు, ఇంకా రావాల్సే ఉంది. ఇది తెలుగు లోపమేం కాదు. అర్జీ తెలుగులో రాసేటప్పుడే "ఈనాటికీ", "ఇప్పటివరకూ" అన్న మాటలు వేయిస్తే అనువదించేవాళ్ళకు తప్పించుకునే దారి ఉండదు.

చట్టం రాసినవాళ్ళకు క్రియల బలం బాగా తెలుసు. 1977 నాటి అసైన్డు భూముల చట్టాన్ని చూడండి. భూమిలేని పేదలకు ఇచ్చిన భూమిని బదిలీ చేయకూడదని మాత్రమే అందులో రాసి ఊరుకోలేదు. ఎన్నడూ బదిలీ కానట్టే భావించాలని కూడా రాశారు. అంటే చట్టం రాకముందు ఎవరో పెద్దమనిషి రాయించుకున్న కాగితం మీదికి కూడా ఆ క్రియ వెనక్కి నడిచి పోతుంది. జరిగిపోయినదాన్ని జరగనట్టు చేస్తుంది. తర్వాత ఈ చట్టానికి సవరణలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో వచ్చింది అందులో ఒకటి. ఆ సవరణలను కూడా క్రియ క్రియా పట్టుకుని చదవాల్సిందే.

ఇక అంబేడ్కర్ అధ్యక్షతన ముసాయిదా తయారైన రాజ్యాంగం. అంటరానితనం గురించిన 17వ అధికరణంలో క్రియ "ఈజ్ అబాలిష్డ్". "విల్ బి" అనలేదు. వీలు చూసుకుని రద్దు చేస్తాం అనలేదు. ఆ మాట అనడమే రద్దు చేయడం. పంచాయితీలో పెద్ద "ఇంతటితో తగువు తీరింది" అంటే తీరినట్టే గదా, అలాంటి మాట అది. 1950 జనవరి 26 నుంచి అది ఈ దేశం మీద ఆజ్ఞ.

దీని పక్కన 45వ అధికరణం మొదటి రూపం పెట్టి చూడండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్ళలో, అంటే 1960 నాటికి, అందించాలన్నది అదే. కానీ అక్కడి క్రియ "షల్ ఎండెవర్". బడిలో "షల్" అంటే "ఐ, వుయ్ పక్కన వచ్చే ఫ్యూచరు" అని నేర్పి వదిలేస్తారు. చట్టంలో "షల్" అంటే చేసి తీరాలి అని. "షల్ ఎండెవర్" అంటే? ప్రయత్నించి తీరాలి! ప్రయత్నం మాత్రమే. 1960 వచ్చింది, పోయింది. 2002లో 86వ సవరణతో 21ఏ అధికరణం వచ్చి "షల్ ప్రొవైడ్" అనే దాకా, దాని కింద 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చే దాకా మన పిల్లల తరాలు గొడ్ల వెంట తిరిగాయి. రెండు క్రియల మధ్య యాభై ఏళ్ళు!

మరి అంటరానితనం గురించి పాఠాల్లో, ఉపన్యాసాల్లో చెప్పేటప్పుడు ఏ క్రియ వాడతారు? "పూర్వం ఉండేది" అంటారు. "ఉండేది" అంటే ఒకప్పుడు ఉంది, ఇప్పుడు లేదని. రెండు గ్లాసుల హోటలు ముందు నుంచి నడిచి బడికొచ్చిన పిల్ల ఆ వాక్యం చదివి ఏమనుకోవాలి? తన కళ్ళే అబద్ధమనుకోవాలా? చట్టం రద్దు అన్నది ఆజ్ఞ. ఆ ఆజ్ఞను అమలు చేయాల్సినవాళ్ళు దాన్ని అయిపోయిన వార్తగా చదివేసి చేతులు దులుపుకుంటున్నారు. ఎక్కడ ఇంకా ఉందో అక్కడ "ఉంది" అనే రాయాలి. మన పిల్లలు ముందుగా నేర్వాల్సిన టెన్సు ఇదే.

ఇంగ్లీషు మాధ్యమం మీద రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద రభసే జరిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో తెస్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి సర్కారు బడుల్లోకి ఇంగ్లీషును తేవడానికి పూనుకుంది. మనవాళ్ళు ఇంగ్లీషు కావాలంటున్నారు, అందులో న్యాయం ఉంది. తమ పిల్లల్ని కాన్వెంట్లకు పంపుకుని మనకు మాతృభాష మహిమ బోధించేవాళ్ళకు మేం జవాబుదారీ కాదు. కానీ బడి బోర్డు మీద మాధ్యమం మారి, లోపల పన్నెండు గళ్ళ పట్టికే మిగిలితే మనకు ఒరిగేదేం లేదు.

అందుకని మేం చెప్పేది ఇదీ. మొదటిది, ఇంగ్లీషు పంతుళ్ళు తెలుగు క్రియ నుంచే మొదలుపెట్టాలి. "పోతాడు" అంటే రోజూనా, రేపా? "ఉంది" అంటే నిన్ననా, ఇప్పుడా? "రాలేదు" అంటే ఇంకా రావాలా? ఈ మూడు ప్రశ్నలు అడిగించండి, తర్వాత పట్టిక గీయండి. వచ్చిండు అన్నా, వచ్చినాడు అన్నా ముందు మెచ్చుకోండి. రెండోది, వాడల్లో చదువుకున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ వారానికో సాయంత్రం కూర్చుని పట్టాలు, నోటీసులు, కోర్టు కాగితాలు చదివి, ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీసి పెద్దవాళ్ళకు చెప్పాలి. మూడోది పోలీసు స్టేషన్ సంగతి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు దాన్ని చదివి వినిపించడం, వెంటనే నకలు ఇవ్వడం అధికారి బాధ్యత అని దాని 4వ సెక్షన్ చెప్తోంది. అడిగి చదివించుకోండి. "కొడుతున్నారు" అని మీరు చెప్పింది "కొట్టారు" అని పడిందా, "బెదిరిస్తూనే ఉన్నారు" అన్నది "బెదిరించారు" అని ఒక్కసారిగా తేలిపోయిందా చూసుకోండి. తేడా ఉంటే దిద్దమనండి. సంతకమైనా, వేలిముద్రైనా ఆ తర్వాతే.