చావుకు కారణం అడిగారు, బతకడానికి ఏం కావాలో అడగలేదు

రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి ప్రభుత్వం తరపున వెళ్లేవాళ్లు రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుతారు. చనిపోయిన మనిషి రైతేనా? కారణం వ్యవసాయమేనా? ఈ రెండూ తేలితే పరిహారం, తేలకపోతే ఫైలు మూసివేత. ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఎవరు, రేపటి నుంచి వాళ్లు ఎలా బతకాలి అన్న ప్రశ్న ఆ ఫారంలో ఉండదు. ఇరవై ఏళ్లుగా మనం పరిహారం మొత్తం గురించి పోరాడాం, పెంచుకున్నాం. ఆ కుటుంబాన్ని చూసే పద్ధతి గురించి కూడా ఇప్పుడు పోరాడాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 జూన్‌లో వచ్చిన జీవో 421తో లక్షన్నర పరిహారం మొదలైంది. అందులో లక్ష కుటుంబానికి, 50 వేలు అప్పుల పరిష్కారానికి. 2015లో తెలంగాణ దీన్ని 6 లక్షలు చేసింది. ఆంధ్రప్రదేశ్ 5 లక్షలు చేసి, 2019లో 7 లక్షలకు పెంచింది. మొత్తం మారింది కానీ విచారణ తీరు మారలేదు. మండలంలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి. డివిజన్‌లో ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయం ముగ్గురూ ఉన్నారు. కుటుంబాన్ని అర్థం చేసుకోవడంలో శిక్షణ పొందిన మనిషి ఒక్కరూ లేరు.

దీని ఫలితం మనందరికీ తెలుసు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు అప్పు పత్రం అన్నీ అడుగుతారు. కానీ కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పుకు చీటీ ఉన్నా అది అతని దగ్గరే ఉంటుంది. ఎరువుల కొట్టులో ఉద్దెర ఖాతా కొట్టు యజమాని పుస్తకంలోనే ఉంటుంది. అసలు భారమంతా కాగితం లేని అప్పుల్లోనే ఉంటే, కాగితం ఉన్న అప్పునే లెక్కలోకి తీసుకోవడం ఏం న్యాయం?

ఇంకా ఘోరం, "కుటుంబ కలహాలు", "తాగుడు" అని రాసి చేతులు దులుపుకోవడం. పంట పోయింది. అప్పులవాడు ఇంటి ముందు కూర్చున్నాడు. భార్య మెడలో పుస్తెలతాడు కుదువకు వెళ్లింది. కూతురి పెళ్లి ఆగింది. ఆ ఇంట్లో మాట మాట పెరగదా? మనిషి మందుకు అలవాటు పడడా? కలహం, అప్పు రెండు వేర్వేరు కారణాలు కావు, ఒకే గొలుసులో రెండు లంకెలు. చివరి లంకెను మాత్రమే రాసుకుని వెళ్లిపోతే నింద ఆ ఇల్లాలి మీద పడుతుంది. దుఃఖంలో ఉన్న ఆమెను ఊరందరి ముందు "మీ ఇద్దరికీ పడేది కాదా?" అని అడగడం విచారణ పేరుతో చేసే అవమానం.

సోషల్ వర్క్ అనే చదువు ఒకటి ఉంది. ఒక మనిషి, ఒక కుటుంబం పరిస్థితిని అంచనా వేయడం అందులో తొలి మెట్టు. అమెరికాలో మేరీ రిచ్మండ్ 1917లోనే ఈ పనికి ఒక పద్ధతి ఉండాలని పుస్తకం రాశారు. మన దేశంలో బొంబాయిలో టాటా సంస్థ 1936లో ఈ చదువు మొదలుపెట్టింది. మనిషిని విడిగా కాక అతని చుట్టూ ఉన్న సంబంధాలతో కలిపి చూడటం, లోటుతో పాటు బలాన్నీ రాయడం, ఆ కుటుంబం ఏం కోరుకుంటోందో వాళ్ల నోటి వెంటే వినడం, ఒక్కసారి వెళ్లి వదిలేయకుండా మళ్లీ మళ్లీ వెళ్లడం ఇందులో ముఖ్యమైనవి.

మన పల్లెకు అన్వయిస్తే ఇది కష్టమైన విద్యేమీ కాదు. ఒక కాగితం మధ్యలో ఇంటివాళ్లను గుర్తించండి: భార్య, బడికి వెళ్లే పిల్లలు, మందుల మీద ఉన్న అత్త. చుట్టూ ఆ ఇంటితో సంబంధం ఉన్నవాళ్లను రాయండి: బ్యాంకు, డ్వాక్రా సంఘం, మైక్రోఫైనాన్స్ ఏజెంటు, ఎరువుల కొట్టు, భూమి యజమాని, పుట్టింటివాళ్లు, ఆశా కార్యకర్త, బడి. ఎక్కడి నుంచి సాయం వస్తోంది, ఎక్కడి నుంచి ఒత్తిడి వస్తోంది గీతలు గీయండి. అరగంటలో ఆ ఇంటి బొమ్మ కనిపిస్తుంది. చేలో నిలబడి ఉన్న పంట ఎవరు కోయాలి? ఈ నెల కిస్తీ ఎవరు కట్టాలి? భూమి ఎవరి పేర మారాలి? హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, పిల్లలకు, మృతుని తల్లికి సమాన వాటా ఉంది. కానీ పరిహారం చెక్కు రాగానే అత్తింటికీ కోడలికీ తగాదా పెరిగితే సర్దిచెప్పేవాళ్లు ఎవరు? పెద్ద పిల్లాడు బడి మానేసి కూలికి వెళ్తున్నాడని గమనించేవాళ్లు ఎవరు?

తెలంగాణలో 2018లో రైతు బీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో మరణించినా 5 లక్షలు. కారణం నిరూపించే బాధ తప్పడం మంచిదే. కానీ పట్టా లేని కౌలు రైతు, అరవై దాటిన రైతు, కూలీ దీనికి బయటే. 2007 జాతీయ రైతు విధానం కౌలుదార్లను, కూలీలను కూడా రైతు నిర్వచనంలో చేర్చింది. జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 6,083 మంది కూలీలు. సగానికి పైగా కుటుంబాలు పట్టా లెక్కకే అందవన్నమాట.

"ఇలా వదిలేస్తే ప్రతి చావునూ రైతు ఆత్మహత్యగా చూపిస్తారు, ప్రజాధనం కదా" అని అధికారులు అంటారు. ఆ జాగ్రత్త వాళ్ల విధి, కాదనం. అందుకే రెండు పనులనూ వేరు చేయమంటున్నాం. పరిహారం అర్హత తేల్చే పని కమిటీ చేసుకోనివ్వండి. కుటుంబ అవసరాల అంచనా మాత్రం అర్హతతో సంబంధం లేకుండా జరగాలి. పరిహారం రాని ఇంట్లో పిల్లలకు ఆకలి తక్కువ ఉండదు.

ఇదే చూపు చావు జరగకముందు కూడా కావాలి. అప్పులవాళ్లకు మొహం చాటేస్తున్న, చేను వైపు వెళ్లడం మానేసిన, "నేను లేకపోతే మీకే హాయి" అంటున్న రైతును ఊళ్లో ఎవరో ఒకరు గమనిస్తూనే ఉంటారు. ఆ మాటను ఎవరికి చెప్పాలో తెలియదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని చెబుతోంది. టెలీ మానస్ 14416 నంబరు ఉంది. ఆ నంబరు ప్రతి రైతు వేదిక, ప్రతి ఎరువుల కొట్టు గోడ మీద ఉండాలి.

మన డిమాండ్లు:

1. మండల, డివిజన్ కమిటీల్లో శిక్షణ పొందిన సోషల్ వర్కర్‌ను, వీలైతే మహిళను, సభ్యురాలిగా చేర్చాలి.
2. ప్రైవేటు అప్పులకు ఇరుగుపొరుగు, తోటి రైతుల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి. కౌలుకూ అదే వర్తించాలి.
3. కుటుంబ అవసరాల అంచనా నెలలోపు జరగాలి. ఏడాది పాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి. వితంతు పింఛను, భూమి మార్పిడి, పిల్లల చదువు, కిస్తీల వాయిదా ఒకే మనిషి బాధ్యతగా ఉండాలి.
4. కుటుంబం చెప్పిన విషయాలు వాళ్ల అనుమతి లేకుండా బ్యాంకుకు, పోలీసుకు, పత్రికలకు వెళ్లకూడదు.

సంఘం గ్రామ కమిటీలకు ఒక మాట. పరామర్శకు వెళ్లినప్పుడు ఫొటోల కోసం ఆ తల్లిని గుమ్మంలో నిలబెట్టవద్దు. కూర్చోండి, ముందు వినండి. అప్పుల జాబితా రాసిపెట్టండి, సాక్షుల సంతకాలు తీసుకోండి. పెద్దకర్మ అయ్యాక అందరూ వెళ్లిపోతారు. ఆ తర్వాతి వారం మళ్లీ వెళ్లండి. దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలిసేది అప్పుడే. కోతకు మనుషులు కావాలో, పిల్లలకు ఫీజు కావాలో ఆ ఇల్లాలు నోరు తెరిచి చెప్పేదీ అప్పుడే.