ఉమ్మడి రంపమునకు బాధ్యుడెవరు?



మన మర్రిగూడ ప్రాంతమున బోర్లు ఎండి బత్తాయి తోటలు మోడులగుటయు, గట్లమీద సర్కారు తుమ్మ పెరుగుటయు మీరెరిగినదే. ఆ మోడులను కోసి నేలను మరల సేద్యమునకు తెచ్చుటకు గొలుసు రంపము మిగుల ఉపకరించును. పలువురు కలిసి కొన్న అట్టి రంపమొకటి రెండేండ్లుగా గోదాము మూల పడియుండగా నేను చూచితిని. “పాతబడినది, క్రొత్తది కొందము” అని అందరును పలికిరి. విప్పి చూడగా అది పనిచేసి చెడినది కాదు, పట్టించుకొనువారు లేక చెడినది.

నిలువయున్న పెట్రోలు జిగురై కార్బురేటరును మూసివేసెను. అందలి పలుచని పొర బిరుసెక్కెను. గాలి జల్లెడ పొట్టుతో నిండెను. పొరను, పెట్రోలు గొట్టమును మార్చి, జల్లెడను సబ్బునీట కడిగి ఆరబెట్టి, ప్లగ్గు మసి తుడిచి కొనల నడుమ అర మిల్లీమీటరు సందుంచగా యంత్రము పలికినది. పిస్టను గీతలుపడి బిగిసిన యంత్రమునకు మాత్రము ధనము వెచ్చింపరాదు. దానిని వదలుటయే మేలు.

ఇప్పటి పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును. కావున పని ముగిసి రంపమును దాచునపుడు టాంకు ఖాళీచేసి, యంత్రము తనంతట ఆగువరకు నడుపవలెను. తయారుచేసినవారు 25 పాళ్ళకు ఒకటి అనిన లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్లు, 50 పాళ్ళకు ఒకటి అనిన 20 మిల్లీలీటర్లు టూస్ట్రోకు నూనె కలుపవలెను. గొలుసునకు పోయు నూనె వేరు. అది లేక ఒక్క దుంగనైనను కోయరాదు.

1946లో అమెరికాలో జోసెఫ్ కాక్స్ అను కట్టెకోతగాడు, మ్రాను తొలుచు పురుగు దవడలను పరికించి, నేటి గొలుసు పండ్ల రూపమును కనిపెట్టెను. పురుగు బలముచే గాక దవడల వాటముచే తొలుచును. రంపమును అంతే. చెక్కులు రాలుటకు మారుగా పిండి రాలిన, పదును పోయినదని తెలియుడు. రంపమును అదిమిపట్టక, ఆకురాయిని ముందునకే నెట్టుచు ప్రతి పంటికి సమానముగా రుద్దవలెను.

అన్నిటికన్న ముఖ్యము ప్రాణరక్షణ. బారు కొన కట్టెకు తగిలిన రంపము రెప్పపాటున ముఖముమీదికి ఎగురును. గొలుసును ఆపు బ్రేకు పనిచేయని రంపమును ఎవరికిని ఈయరాదు. “నేటికి సర్దుకొందము” అను మాట ఒక కుటుంబమును వీధిపాలు చేయవచ్చును.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని పెద్దల సామెత. ఆ గతి మన రంపమునకు పట్టకుండుటకు నా సూచన యిది: రంపమునకు ఒక్కరిని బాధ్యునిగా నియమింపుడు. తీసుకొన్నవారి పేరును, తిరిగి యిచ్చిననాటి స్థితిని పుస్తకమున వ్రాయుడు. అద్దెలో కొంత మరమ్మతుకు వేరుగా నుంచుడు. ఈ కట్టుబాటు లేక క్రొత్త యంత్రము కొన్నను, అదియు ఆ గోదాము మూలకే చేరును.